గదిలో రెండో మంచం వేయించిన కోచ్

ఆటల పోటీలకు పిల్లల్ని పరాయి ఊరికి తీసుకువెళ్లిన టీచర్లకు ఒక సంగతి అనుభవమే. మైదానంలో గెలుపోటముల కంటే సాయంత్రం బస దగ్గరే అసలు తలనొప్పి మొదలవుతుంది. ఎవరు ఎవరి పక్కన పడుకోమంటున్నారు, ఎవరి కంచం విడిగా పెట్టారు, ఏ పిల్లవాణ్ని చూసి బస ఇచ్చినవాళ్ల మొహం ముడుచుకుంది, అన్నీ మన కళ్లముందే జరుగుతాయి. కొన్నిటిని పట్టించుకుంటాం. కొన్నిటిని చూడనట్టే ఊరుకుంటాం. తెల్లారితే మ్యాచ్ ఉంది కదా అని మనకు మనమే సర్దిచెప్పుకుంటాం.

ఇవాళ మేము పరిచయం చేస్తున్న బ్రాంచ్ రికీ అమెరికాలో ఒక కాలేజీ బేస్‌బాల్ జట్టుకు కోచ్. అలాంటి ఒక సాయంత్రం ఆయన ఊరుకోలేదు. అప్పటికి ఆయనకు ఇరవయ్యేళ్లు దాటి ఎంతో కాలం కాలేదు. ఆ తర్వాత ఆయన జీవితం చాలా మలుపులు తిరిగింది. ప్రపంచానికి ఆయన తెలిసింది 1947 వల్ల. కానీ ఆ కథ మొదలైంది నలభై ఏళ్ల ముందు, ఒక కాలేజీ జట్టు హోటల్ మెట్లెక్కినప్పుడు.

బేస్‌బాల్ తెలియనివాళ్లకు నాలుగు ముక్కలు చెప్పాలి. అది క్రికెట్‌కు దూరపు చుట్టం. బంతి విసిరేవాడు పిచర్. బ్యాట్ పట్టినవాడి వెనక గొంతుక్కూర్చుని బంతి పట్టేవాడు క్యాచర్, మన వికెట్ కీపర్ లాంటివాడు. కొట్టినవాడు నాలుగు మూలల్లో ఉన్న బేస్‌లను వరసగా తాకుతూ చుట్టి వస్తే ఒక పరుగు. పిచర్ బంతి విసిరే సందు చూసుకుని ఒక బేస్ నుంచి ఇంకో బేస్‌కు ఉరికే రన్నర్లు ఉంటారు. దాన్ని బేస్ దొంగిలించడం అంటారు. ఆ దొంగను ఆపాల్సింది క్యాచర్. రికీ క్యాచరే. ఈ ముక్క గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

రికీ 1881 డిసెంబరు 20న ఒహాయో రాష్ట్రం దక్షిణాన, స్టాక్‌డేల్ దగ్గర ఒక రైతు కుటుంబంలో పుట్టారు. ఇంట్లో మెథడిస్ట్ క్రైస్తవ నిష్ఠ ఎక్కువ. ఆదివారం ఆట ఆడనని తల్లికి ఇచ్చిన మాట చివరిదాకా నిలుపుకొన్నారు. కాలేజీకి డబ్బు లేక ముందు పల్లెటూరి బడిలో టీచరుగా చేరారు. పెద్ద పిల్లలు టీచర్లను తరిమేస్తారని పేరుపడ్డ బడి అది. అక్కడ నిలదొక్కుకున్నారు. పుస్తకాలు ముందేసుకుని లాటిన్ సొంతంగా నేర్చుకున్నారు. కూడబెట్టిన జీతంతో 1901లో ఒహాయో వెస్లియన్ విశ్వవిద్యాలయంలో చేరారు. మా వృత్తి నుంచి వచ్చిన మనిషి కాబట్టి మాకు ఆయనంటే కొంచెం పక్షపాతం ఉందని ముందే ఒప్పుకుంటాం.

కోచ్ పదవి ఆయనకు వచ్చిన తీరు విచిత్రమైనది. కాలేజీ జట్టులో ఆడేవాడు డబ్బు తీసుకుని ఎక్కడా ఆడకూడదని అప్పటి నియమం. రికీ వేసవి సెలవుల్లో పోర్ట్స్‌మత్ అనే ఊరి జట్టుకు కూలి తీసుకుని ఆడారు. ఈ సంగతి పైకి వచ్చింది. కుర్రాణ్ని కాపాడాలని ఆ జట్టు యజమాని, ఇతనికి మేము డబ్బేమీ ఇవ్వలేదని కాలేజీ అధ్యక్షుడు బ్యాష్‌ఫర్డ్‌కు ఉత్తరం రాశాడు. ఉత్తరాన్ని ఊరకే ఒప్పుకుంటే సరిపోయేది. రికీ ఆ రాత అబద్ధమని, తాను డబ్బు తీసుకున్నానని చెప్పేశారు. దాంతో కాలేజీ జట్టులో ఆడే అర్హత పోయింది. అయితే 1903లో జట్టు కోచ్ మానేసి వెళ్లినప్పుడు బ్యాష్‌ఫర్డ్‌కు గుర్తొచ్చింది ఈ కుర్రాడే. అలా తన ఈడు పిల్లలకు, నిన్నటిదాకా తనతో ఆడినవాళ్లకు, రికీ హెడ్ కోచ్ అయ్యారు.

ఆ జట్టులో చార్లెస్ థామస్ అనే కుర్రాడున్నాడు. ఒహాయో వాడే, నల్లజాతి విద్యార్థి. మంచి ఆటగాడు. రికీ లేని లోటు తీర్చేలా క్యాచర్‌గా కూడా ఆడేవాడు. తెల్లవాళ్ల కాలేజీ జట్లలో నల్లవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది ఉన్న రోజులవి. కెంటకీ జట్టుతో ఆడిన ఒక మ్యాచ్‌లో అవతలివాళ్లు థామస్‌ను చూసి కేకలు మొదలుపెట్టారు, అతన్ని తీసేయమన్నారు. రికీ వాళ్ల బెంచీ దగ్గరికి నేరుగా వెళ్లి, థామస్ లేకుండా తమ జట్టు ఆడదని తేల్చేశారు. థామస్ ఆడాడు.

అసలు సంఘటన ఇండియానా రాష్ట్రంలోని సౌత్ బెండ్ అనే ఊళ్లో జరిగింది. నోటర్ డేమ్ జట్టుతో ఆడటానికి వెళ్లారు. హోటల్ కౌంటర్ దగ్గర ఒక్కొక్కరే పేరు రాసి తాళంచెవి తీసుకుంటున్నారు. థామస్ వంతు వచ్చేసరికి గుమాస్తా రిజిస్టరు వెనక్కి లాక్కున్నాడు. నల్లవాళ్లకు ఇక్కడ గది లేదన్నాడు. జట్టంతా నిలబడి చూస్తోంది. థామస్ నేను తిరిగి వెళ్లిపోతానన్నాడు. రికీ వెళ్లనివ్వలేదు. గుమాస్తాతో వాదనకు దిగారు. విడిగా గది ఇవ్వకపోతే పోనీ, నా గదిలోనే ఇంకో మంచం వేయించమని అడిగారు. వాదన ముదిరి, చివరికి అతని పేరు రిజిస్టరులో ఎక్కకుండా మంచం మాత్రం వేసేలా ఒప్పందం కుదిరింది.

రికీ గదికి వెళ్లేసరికి థామస్ మంచం అంచున కూర్చుని ఏడుస్తున్నాడు. తన చేతుల మీది చర్మాన్ని గోళ్లతో లాగుతూ, ఈ నలుపు ఊడి వచ్చేస్తే బాగుండునన్నట్టు గీరుకుంటున్నాడు. రికీ తర్వాత జీవితమంతా చెప్పింది ఈ దృశ్యాన్నే. తన కళ్ల ముందు నుంచి అది ఎన్నడూ పోలేదని ఎన్నో సభల్లో చెప్పారు.

ఇక్కడ ఒక మాట. రికీ గొప్ప మాటకారి. ఏళ్లు గడిచేకొద్దీ కథకు రంగులు అద్దారా అని చరిత్రకారులు అనుమానించారు. అలా అనుమానించడం తప్పు కాదు. అయితే తాను కాలేజీలో చేరిన మొదటి రోజు నుంచి రికీ తన బాగోగులు ప్రత్యేకంగా చూసుకున్నారని థామస్ స్వయంగా చెప్పారు. ఆ థామసే తర్వాత దంతవైద్యుడయ్యారు. న్యూ మెక్సికో రాష్ట్రంలోని ఆల్బుకర్కీలో వైద్యం చేశారు. ఇద్దరి స్నేహం చివరిదాకా నిలిచింది. రంగులు ఎన్ని అద్దినా రెండో మంచం మాత్రం నిజం.

ఆటగాడిగా రికీది చిన్న కథ. 1904లో సిన్సినాటి జట్టు తీసుకుని, ఆదివారం ఆడనన్నందుకు పంపేసింది. తర్వాత సెయింట్ లూయిస్ బ్రౌన్స్‌కు, న్యూయార్క్ జట్టుకు ఆడారు. 1907 జూన్ 28న భుజం నొప్పితోనే క్యాచర్‌గా దిగితే, వాషింగ్టన్ జట్టు ఆయన చేతి మీదుగా ఒక్క మ్యాచ్‌లో 13 బేస్‌లు దొంగిలించింది. ఆ రికార్డు ఆయన పేరు మీద ఉండిపోయింది. ఆ మీదట క్షయ పట్టుకుంది. సరనాక్ లేక్ శానిటోరియంలో నెలల తరబడి పడుకున్నారు. అప్పటికే పెళ్లయింది, చేతిలో ఉద్యోగం లేదు.

లేచి నడవగలిగాక చేసిన పని చూడండి. మిషిగన్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదవాలనుకున్నారు. ఫీజుకు డబ్బు కావాలి. అక్కడి బేస్‌బాల్ జట్టుకు కోచ్ పదవి ఖాళీగా ఉంది. ఆటల విభాగం అధిపతి బార్టెల్మీకి తన గురించి సిఫార్సు ఉత్తరాలు రాయమని తెలిసినవాళ్లందరినీ అడిగారు. ఉత్తరాలు కట్టలు కట్టలుగా వచ్చిపడ్డాయి. ఇక ఆపించమని బార్టెల్మీ బతిమాలుకున్నాడట. ఉద్యోగం ఇచ్చేశాడు. 1910 నుంచి 1913 వరకు నాలుగు సీజన్లు రికీ మిషిగన్ జట్టును నడిపారు. 68 మ్యాచ్‌లు గెలిచి, 32 ఓడి, 4 సమం చేసుకున్నారు. మధ్యలో 1911లో లా పట్టా అందుకున్నారు. ఊపిరితిత్తులు పూర్తిగా కోలుకోని మనిషి పగలు క్లాసులో, సాయంత్రం మైదానంలో ఉంటూ సాధించినవి ఇవి.

పట్టా తీసుకుని ఇడాహో రాష్ట్రంలోని బోయిసీలో మిత్రులతో కలిసి లా ఆఫీసు తెరిచారు. కేసులు రాలేదు. వచ్చిన ఒకే ఒక్క క్లయింటు జైల్లో ఉన్నవాడు. అతను రికీని చూసి ఉమ్మేశాడని చెప్పుకుంటారు. పస్తులున్నాను, వెంటనే వస్తున్నానని బార్టెల్మీకి తంతి కొట్టి మళ్లీ మిషిగన్ మైదానం చేరారు. మంచి లాయరు ఒకరు తగ్గితే తగ్గారు గానీ, ఆ తంతి వల్ల ఆటకు మేలే జరిగింది.

రికీ మైదానంలోనే కాదు, నల్లబల్ల ముందు కూడా నేర్పే కోచ్. జారుతూ బేస్ చేరడం ఎలాగో నేర్పడానికి ఇసుక గుంతలు తవ్వించేవారు. పిచర్ గురి కుదరడానికి రెండు గుంజల మధ్య దారాలు కట్టి, ఆ చతురస్రంలోంచి బంతి పోవాలనేవారు. ఎంత పెద్ద నైపుణ్యాన్నైనా చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కను వందసార్లు చేయించడం ఆయన పద్ధతి. మనం అక్షరాలు దిద్దించినట్టే.

ఆ రోజుల్లోనే జార్జ్ సిస్లర్ అనే ఇంజనీరింగ్ విద్యార్థి ప్రాక్టీసుకు వచ్చాడు. మొదటి ఏడాది వాళ్లను పెద్ద జట్టులో ఆడించే వీలు లేదు. అయినా అతని చేతివాటం చూసి రికీ కన్ను అతని మీదే ఉండిపోయింది. ఈ సిస్లర్ బడిలో ఉండగానే, తండ్రి సమ్మతి లేకుండా, ఒక ప్రొఫెషనల్ క్లబ్బు కాగితం మీద సంతకం పెట్టేశాడు. ఒక్క పైసా పుచ్చుకోలేదు. ఆ కాగితం చేతులు మారి పిట్స్‌బర్గ్ క్లబ్బుకు చేరింది. వాళ్లు ఇతను మావాడేనన్నారు. మైనర్ పెట్టిన సంతకం చెల్లదన్న వాదనతో ఏళ్ల తరబడి పోరాటం నడిచింది. లా చదువుకున్న కోచ్ దగ్గర ఉండటం సిస్లర్ అదృష్టం. చివరికి నచ్చిన జట్టులో చేరొచ్చని తీర్పు వచ్చింది. 1915లో అతను బ్రౌన్స్‌లో చేరాడు. అప్పటికి ఆ జట్టు మేనేజరు ఎవరనుకున్నారు? రికీయే. ధర్మమూ లాభమూ ఒకే దారిలో కనిపిస్తే రికీ ఎప్పుడూ ఆలస్యం చేయలేదు. సిస్లర్ 1920లో ఒక్క సీజన్‌లో 257 హిట్లు కొట్టాడు. ఆ రికార్డు 2004 దాకా చెక్కుచెదరలేదు.

కాలేజీలో అంత బాగా నడిపిన మనిషి పెద్ద లీగులో మేనేజరుగా రాణించలేదు. బ్రౌన్స్, తర్వాత కార్డినల్స్ జట్లతో కలిపి 597 గెలిచి 664 ఓడారు. డబ్బు కోసం ఆడే పెద్దవాళ్లకు నల్లబల్ల పాఠాలు ఎక్కలేదు. 1925లో కార్డినల్స్ యజమాని ఆయన్ని మైదానం నుంచి తప్పించి ఆఫీసుకు పరిమితం చేశాడు. రికీకి అది అవమానమనిపించింది. కానీ ఆయన అసలు బలం అక్కడే ఉంది. డబ్బున్న జట్లతో పోటీపడి ఆటగాళ్లను కొనలేం కాబట్టి మనమే పెంచుకుందామని, చిన్న ఊళ్ల జట్లను కొని లేదా పొత్తు పెట్టుకుని, కుర్రాళ్లను మెట్టు మెట్టుగా పైకి తెచ్చే ఏర్పాటు చేశారు. దాన్ని ఫార్మ్ సిస్టమ్ అన్నారు. మా దృష్టిలో అది కాలేజీ కోచ్ తన తరగతి గదిని దేశమంతా పరిచిన పని. కార్డినల్స్ 1926, 1931, 1934, 1942 సంవత్సరాల్లో వరల్డ్ సిరీస్ గెలిచింది. ఇందులో చీకటి కోణమూ ఉంది. వందల మంది కుర్రాళ్లు తక్కువ జీతాలకు, పైకి రాలేక, బయటికీ పోలేక ఇరుక్కుపోయారు. 1938లో బేస్‌బాల్ కమిషనర్ ల్యాండిస్ 70 మందికి పైగా ఆటగాళ్లకు ఆ బంధం నుంచి విముక్తి ఇచ్చాడు. జీతాల బేరంలో రికీ పిసినారితనం గురించి ఆటగాళ్లు కథలు కథలుగా చెప్పుకునేవారు.

మమ్మల్ని ఇబ్బంది పెట్టే సంగతి ఇంకొకటుంది. సెయింట్ లూయిస్‌లో ఆయన పాతికేళ్లకు పైగా గడిపారు. ఆ స్టేడియంలో నల్లవాళ్లు ప్రత్యేకంగా కేటాయించిన చోటే కూర్చోవాలి. ఆ పద్ధతి 1944 దాకా సాగింది. స్టేడియం బ్రౌన్స్ యజమానులది, కార్డినల్స్ అద్దెకు ఉన్నవాళ్లు, నిజమే. రికీ జీతగాడే గాని యజమాని కాదు, అదీ నిజమే. కానీ థామస్ చేతులు కళ్లముందు మెదిలే మనిషి రోజూ ఆ కంచె పక్క నుంచే ఆఫీసుకు వెళ్లారు. సౌత్ బెండ్‌లో ఒక్క గుమాస్తాను ఎదిరించడానికి పట్టింది కొన్ని నిమిషాలు. ఊరంతటినీ ఎదిరించే చోటికి చేరడానికి నలభై ఏళ్లు పట్టింది. ఆ నలభై ఏళ్లను ఆయన జీవిత చరిత్రలోంచి తీసేసి కథ చెప్పడం మాకు ఇష్టం లేదు.

1942 చివర్లో బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టు బాధ్యత తీసుకున్నారు. న్యూయార్క్ విలేకరి టామ్ మీనీ ఆయనకు మహాత్మ అని పేరు పెట్టాడు. జాన్ గుంథర్ అనే రచయిత గాంధీజీని వర్ణిస్తూ, ఆయనలో దైవత్వం, తండ్రితనం, రాజకీయ నాయకుడి నేర్పు కలగలిశాయన్న అర్థంలో రాసింది చదివి, ఇది మన రికీకి సరిగ్గా అతుకుతుందనుకున్నాడట. సగం మెచ్చుకోలు, సగం వెక్కిరింత. పేరు మాత్రం అతుక్కుపోయింది.

పెద్ద లీగులో 19వ శతాబ్దం చివరి నుంచి ఒక్క నల్లజాతి ఆటగాడూ లేడు. చట్టం లేదు, రాసుకున్న నియమం లేదు, అందరూ కలిసి ఊరుకున్న ఊరకుండటమే. కమిషనర్ ల్యాండిస్ 1944లో చనిపోయాడు. నల్లవాళ్ల పత్రికలు ఏళ్ల తరబడి పోరాడుతున్నాయి. యుద్ధంలో ప్రాణాలిచ్చినవాళ్లకు ఆట ఎందుకు నిషిద్ధమన్న ప్రశ్న జనంలోకి వచ్చింది. ఉద్యోగాల్లో వివక్షను న్యూయార్క్ రాష్ట్రం 1945లో చట్టం చేసి నిషేధించింది. రికీ ఒక్కరే తలుపు తెరిచారనడం ఆ పోరాడినవాళ్లందరికీ అన్యాయం. కానీ 16 జట్ల యాజమాన్యాల్లో ముందుగా చెయ్యి వేసింది ఆయనే.

తగిన ఆటగాడి కోసం రహస్యంగా మనుషుల్ని పంపారు. వాళ్లలో ఒకరు పాత విద్యార్థి జార్జ్ సిస్లరే. అందరి చూపూ జాకీ రాబిన్‌సన్ దగ్గర ఆగింది. కాలిఫోర్నియాలో కాలేజీ చదువు, నాలుగు ఆటల్లో ప్రావీణ్యం, సైన్యంలో ఆఫీసరుగా పనిచేసిన అనుభవం ఉన్న యువకుడు. అతని చెయ్యి షార్ట్‌స్టాప్ స్థానం కంటే సెకండ్ బేస్‌కు బాగా నప్పుతుందని సిస్లర్ చెప్పాడు. 1945 ఆగస్టు 28న బ్రూక్లిన్ ఆఫీసులో రికీ, రాబిన్‌సన్ కలుసుకున్నారు. మాటలు దాదాపు మూడు గంటలు సాగాయి.

ఆ మూడు గంటల్లో రికీ మాట్లాడటమే కాదు, నటించారు. కోటు విప్పేసి, బూతులు తిట్టే అవతలి జట్టు ఆటగాడయ్యారు. అన్నం పెట్టనని కసిరే హోటల్ వెయిటరయ్యారు. గది లేదు పొమ్మనే హోటల్ గుమాస్తా కూడా అయ్యారు. ఆ గుమాస్తా పాత్ర ఆయనకు ఎక్కడ పట్టుబడిందో వేరే చెప్పక్కర్లేదు. ఈ అవమానాలన్నిటికీ మూడేళ్ల పాటు బదులు చెప్పకూడదు, చెయ్యి ఎత్తకూడదు అన్నది ఒప్పందం. రాబిన్‌సన్ ఒప్పుకున్నాడు. అవమానించినవాణ్ని వదిలేసి, అవమానపడినవాణ్ని ఓర్చుకోమనడం ఏం న్యాయమని మా స్టాఫ్ రూమ్‌లో వాదన జరిగింది. ఆ వాదన ఇప్పటికీ తేలలేదు. రాబిన్‌సన్ మీద పడిన బరువు ఎంతటిదో మాత్రం అందరం ఒప్పుకున్నాం.

1946లో అతను మాంట్రియల్ జట్టుకు ఆడాడు. 1947 ఏప్రిల్ 15న బ్రూక్లిన్‌లోని ఎబెట్స్ ఫీల్డ్‌లో డాడ్జర్స్ తరఫున దిగాడు. తిట్లు, బెదిరింపు ఉత్తరాలు, ఒంటికి గురిపెట్టిన బంతులు అన్నీ చెప్పినట్టే వచ్చాయి. గడువు తీరాక, 1949లో, అతను లీగ్ ఉత్తమ ఆటగాడయ్యాడు. అంతకు ముందు అతను ఆడిన కాన్సాస్ సిటీ మోనార్క్స్ అనే నల్లవాళ్ల జట్టుకు రికీ పరిహారంగా ఒక్క డాలరూ ఇవ్వలేదు. పాత పిసినారితనం ఈ మంచి పనిలోనూ వెంటే వచ్చింది. నల్లవాళ్ల లీగులు క్రమంగా మూతపడ్డాయి.

1950లో వాటాదారుల తగువుతో బ్రూక్లిన్ వదిలి పిట్స్‌బర్గ్ వెళ్లారు. ఆ జట్టు వరసగా ఓడింది. కానీ రాబర్టో క్లెమెంటే అనే ప్యూర్టో రికో కుర్రాణ్ని 1954లో అక్కడికి తెచ్చింది రికీ హయాంలోనే. బ్యాటర్లు తలకు హెల్మెట్ పెట్టుకోవాలని పట్టుబట్టిందీ అక్కడే.

1965 నవంబరు 13న మిస్సోరీ రాష్ట్రంలోని కొలంబియాలో ఒక సన్మాన సభ జరిగింది. ఆస్పత్రి నుంచి వద్దన్నా లేచివచ్చిన రికీ, ధైర్యం గురించి ప్రసంగిస్తూ వేదిక మీదే కుప్పకూలారు. మళ్లీ మాట్లాడలేదు. డిసెంబరు 9న చనిపోయారు. అంత్యక్రియలు సెయింట్ లూయిస్‌లో, కంచె ఉన్న ఆ పాత ఊళ్లోనే జరిగాయి. జాకీ రాబిన్‌సన్ వచ్చాడు. బాబీ బ్రాగన్ కూడా వచ్చాడు. 1947లో నల్లవాడితో కలిసి ఆడలేను, నన్ను వేరే జట్టుకు పంపేయమని రికీని అడిగిన డాడ్జర్స్ ఆటగాడు ఈ బ్రాగనే. రికీ పంపలేదు, జట్టులోనే ఉంచుకున్నారు. ఆ సీజన్ గడిచేలోపే బ్రాగన్ మనసు మారింది. ఆ రోజు ఇద్దరూ ఒకే చర్చిలో కూర్చున్నారు.